ముందు ఫోటో

కాలేజీ వాళ్ళిచ్చిన ఫారంలో మూడో ప్రశ్న ఇది: "ఇంటర్న్‌షిప్‌లో మీరు సాధించిన ఒక విజయాన్ని వివరించండి. దానివల్ల మీరేం నేర్చుకున్నారు?" కింద పన్నెండు గీతలు. గీతలన్నీ నిండకపోతే మార్కులు కోసేస్తానని సార్ ముందే చెప్పి పెట్టాడు.

అమ్మాయి అరగంట నుంచి ఆ గీతలకేసే చూస్తోంది. విజయమట, విజయం! ఒళ్ళు మండిపోతోంది ఆమెకి. ఆ విజయం ఎక్కడుందో ఆమెకి బాగా తెలుసు. ఆసుపత్రిలో లిఫ్టు పక్కన మనిషెత్తు పోస్టరై గోడకి అంటుకుని ఉంది. అంటించింది మరెవరో కాదు, తనే. దాని పుణ్యమా అని పదకొండేళ్ళుగా ఒక గదికి పెద్దగా ఉన్న మనిషి ఇప్పుడు ఉతుకు గదిలో తడి దుప్పట్లు పిండుతోంది. రేపు శుక్రవారం. రేపటితో ఆ గది తాళం ఇంకొకరి చేతికి పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. ఇదంతా పన్నెండు గీతల్లో ఎలా సర్దాలో మూడేళ్ళ చదువులో ఏ సారూ చెప్పలేదు.

ఆమె కూర్చున్నది వాళ్ళమ్మ జిరాక్సు కొట్లో. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఎదురుగా ఉన్న ఇరుకు కొట్టు అది. రెండు మిషన్లు. ఒకటి పని చేస్తుంది, రెండోది దగ్గుతుంది. కౌంటరు మీద స్టేప్లరు, గమ్ము సీసా, వాటి పక్కన వేలిముద్రల సిరా ప్యాడ్. దస్తావేజుల మీద వేలిముద్ర వేయాల్సినవాళ్ళు ఇక్కడికే వచ్చి వేసి, దారంతో వేలాడదీసిన గుడ్డకి వేలు తుడుచుకుని పోతారు. ఆ ప్యాడ్ వైపు చూడటానికి ఇవాళ అమ్మాయికి మొహం చెల్లడం లేదు.

మూడు నెలల కింద ఈ అమ్మాయే గాల్లో తేలింది. క్లాసులో అందరూ సబ్బుల కంపెనీలకీ, సెల్‌ఫోన్ల కంపెనీలకీ ఇంటర్న్‌లుగా పోతే, తను మాత్రం పెద్దవాళ్ళకి చదువు చెప్పే సేవా సంస్థని ఏరి కోరి ఎంచుకుంది. "నేను అబద్ధాలు అమ్మను" అని స్నేహితురాళ్ళ ముందు గొప్పగా చెప్పుకుంది కూడా. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది.

సంస్థ ఒక పాత బడి భవనంలో మొదటి అంతస్తులో ఉంటుంది. సాయంత్రాలు క్లాసులు. ఒక మూల గదిలో ప్రచార విభాగం: ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ నిండా దాతల ఫోటోలు. ఆ విభాగానికి పెద్ద ఒక మేడమ్. ఆవిడకి సంస్థలో అందరూ చాటుగా పెట్టుకున్న పేరు హెడ్డింగు మేడమ్. ఏది చూసినా ఆవిడకి ముందు హెడ్డింగు తడుతుంది. మంచినీళ్ళ సీసా అందిస్తే "గుక్కెడు నీళ్ళు, గుండెనిండా ఆశ" అంటుంది. మెట్ల మీద ఎవరైనా జారి పడితే, వాళ్ళని లేపేలోగా ఆవిడ నోట "పడినా లేచారు" అని వచ్చేస్తుంది. చెడ్డ మనిషని చెప్పడానికి లేదు. పొద్దున్న అందరికంటే ముందు వస్తుంది, ఆకలి కూడా మరిచిపోయి పని చేస్తుంది. అందుకే ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి అమ్మాయికి అంతకాలం పట్టింది.

మొదటి నెలంతా పత్రికలకి వార్తలు రాసి పంపడం, వాళ్ళకి ఫోన్లు చేయడం. "పంపండి, చూస్తాం" అనేవాళ్ళు. చూసిన పాపాన ఒక్కడూ పోలేదు. రెండో నెలలో వార్షిక నివేదిక పని మొదలైంది. అప్పుడు అమ్మాయికి "ముందు పెట్టె" సంగతి తెలిసింది.

సంస్థ నివేదికలో ప్రతి మనిషికీ రెండు పేజీలు. ఎడమ పేజీలో "ముందు" ఫోటో, కుడి పేజీలో "తర్వాత" ఫోటో. ఎడమవైపు మనిషి దిగులుగా, కుడివైపు నవ్వుతూ. బాగానే ఉంది కానీ, ఎవరైనా కొత్తగా చేరిన రోజున ఫోటో తీసే తీరిక ఎవరికుంటుంది? ఉండదు. అందుకని "తర్వాత" ఫోటో తీశాక, అదే రోజు, అదే మనిషిని పక్క గదిలోకి తీసుకెళ్ళి "ముందు" ఫోటో తీస్తారు. దానికి కావలసిన సామానంతా బీరువా మీద ఒక అట్టపెట్టెలో ఉంటుంది. పెట్టె మీద మార్కరుతో పెద్ద అక్షరాల్లో "ముందు" అని రాసి ఉంటుంది. మాసిన శాలువా, ఒక కాడ విరిగిన కళ్ళజోడు, అంచు పగిలిన పలక, ఎండిపోయిన సిరా ప్యాడ్. చదువుకున్న వాళ్ళని చదువు రాని వాళ్ళుగా మార్చడానికి అంతకంటే పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు.

"అందరూ ఇలాగే చేస్తారు" అంది మేడమ్ చిలక్కి చెప్పినట్టు. "ఇది అబద్ధం కాదు. జరిగినదాన్ని మళ్ళీ చూపించడం."

అమ్మాయి తలూపింది. నోట్సులో రాసుకుంది కూడా.

అప్పుడే పిన్ని దొరికింది. పిన్ని అంటే సొంత పిన్ని కాదు. సాయంత్రం కంప్యూటర్ క్లాసుకి వచ్చే ఒక ఆసుపత్రి ఉద్యోగి. "మేడమ్ అన్నా, ఆంటీ అన్నా నాకు జ్వరమొచ్చినట్టుంటుంది, పిన్నీ అను చాలు" అని మొదటిరోజే చెప్పేసింది. ఆసుపత్రిలో బట్టల గది ఆవిడది. దుప్పట్లు, దిండు గలేబులు, ఆపరేషన్ గది పచ్చ గుడ్డలు, ఏ వార్డుకి ఏవి పోయాయో, ఏవి తిరిగొచ్చాయో రిజిస్టర్‌లో రాయాలి. అంటురోగాల వార్డు నుంచి వచ్చిన మూటలకి వేరే చీటీ రాసి కట్టాలి. అది తప్పితే ఒకరి జబ్బు పదిమందికి అంటుకుంటుంది. పదకొండేళ్ళలో ఒక్క చీటీ తప్పలేదని పిన్ని మెడ నిటారుగా పెట్టి చెప్పేది. ఇప్పుడు రిజిస్టర్ కంప్యూటర్‌లోకి మారుతుందని విని, ఎవరూ చెప్పకుండానే వచ్చి క్లాసులో చేరింది.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. రిజిస్టర్‌లో కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం. పేజీ మీద మరక పడితే దాని చుట్టూ గీత గీసి పక్కన తేదీ. "రేపెవడో వచ్చి ఇదేంటి, ఇక్కడేం చెరిపావు అంటే? అందుకని మరకకి కూడా లెక్క ఉండాలి" అనేది. గది నుంచి జేబురుమాలంత గుడ్డ బయటికి పోయినా సంతకం పెట్టాల్సిందే, అడిగింది పెద్ద డాక్టరైనా సరే.

అమ్మాయికి ఆవిడంటే ప్రాణం. అందుకే నివేదికకి ఆవిడ కథ తనే రాస్తానంది. "రిజిస్టర్ నుంచి కంప్యూటర్‌కి" అని పేరు పెట్టి, రెండు రోజులు కూర్చుని రాసింది.

మేడమ్ చదివి పక్కన పెట్టింది. "బాగుంది. కానీ ఇందులో కథేముంది? మొదటి మెట్టు మీదున్న మనిషి రెండో మెట్టెక్కింది. అంతేగా? దాతకి అది కాదు కావలసింది. బావిలోంచి పైకి రావాలి."

"ఆవిడ బావిలో లేదు కదా మేడమ్."

"నువ్వు రాస్తే ఉంటుంది" అంది మేడమ్ నవ్వుతూ.

అమ్మాయి రాసింది. ఇక్కడ మేడమ్‌ని అని ఏం లాభం, రాసింది అమ్మాయే. "నిన్నటిదాకా వేలిముద్ర. ఈరోజు కీబోర్డు." ఆ వాక్యం తట్టినప్పుడు కుర్చీలోంచి లేచి గంతేసింది. కింద చిన్న అక్షరాల్లో "నలభై ఆరేళ్ళు అక్షరం ముక్క తెలియకుండా గడిపిన ఈమె, మా కేంద్రంలో ఒక్క ఏడాదిలో" అంటూ సాగిపోయింది. ఇది నివేదికకే కాదు, పోస్టర్‌కి పనికొస్తుందని మేడమ్ మెచ్చుకుంది. ముందు పెట్టెలో ప్యాడ్ ఎండిపోయింది కాబట్టి అమ్మాయి వాళ్ళమ్మ కొట్లోంచి మంచి ప్యాడ్ పట్టుకెళ్ళింది.

ఆ సాయంత్రం ముందుగా సమ్మతి పత్రం మీద సంతకం కావలసి వచ్చింది. నాలుగు పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు. అందరూ చివరి పేజీ తిప్పి సంతకం గీకేస్తారు. పిన్ని మాత్రం కళ్ళజోడు దులిపి పెట్టుకుని నాలుగు పేజీలూ చదివింది. చివర అచ్చువేసిన వాక్యం దగ్గర ఆగింది: "పై విషయాలు నాకు చదివి వినిపించగా అర్థం చేసుకుని సమ్మతిస్తున్నాను." అందులో "నాకు చదివి వినిపించగా" అన్న మాటలు కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాల్లో "నేనే చదువుకుని" అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. అమ్మాయి చూసి ముచ్చటపడి నవ్వింది.

తర్వాత పక్క గదికి తీసుకెళ్ళి శాలువా కప్పింది. ప్యాడ్ ముందు పెట్టింది.

"ఇదేంటి తల్లీ, నాకు ఎనిమిదేళ్ళప్పటి నుంచి సంతకం వచ్చు" అంది పిన్ని.

"తెలుసు పిన్నీ. ఊరికే ఫోటో కోసం. ముందు ఫోటో అంతే."

"దేనికి ముందు?"

అమ్మాయి శాలువా అంచు సర్దింది. "ప్లీజ్ పిన్నీ" అంది.

పిన్ని ఆమె మొహంలోకి చూసింది. "దీనికి నీకు మార్కులొస్తాయా?"

"వస్తాయి."

"అయితే కానియ్" అని బొటనవేలు ముంచింది. ఫోటో వెలుగులో కళ్ళు వాల్చేసుకుంది. "అద్భుతం, అలాగే ఉండండి" అంది మేడమ్ వెనకనుంచి.

పోస్టర్లు ఎనిమిది చోట్ల అంటించాలి. ఏడు చోట్లకి మనిషిని పంపింది. ఎనిమిదోది పిన్ని పనిచేసే ఆసుపత్రి, అక్కడికి తనే పోయింది. పిన్ని చూసి ఆశ్చర్యపోతుందని సంబరం. అనుమతి అడిగి, లిఫ్టు పక్కన నున్నటి గోడ ఎంచుకుని, మూలలు లేవకుండా అరచేత్తో రుద్ది రుద్ది మరీ అంటించింది. మనుషులు ఒక్కోసారి ఎంత శ్రద్ధగా తప్పు చేస్తారో!

వారం రోజులు పిన్ని క్లాసుకి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదో రోజున అమ్మాయి ఆసుపత్రికి పోతే బట్టల గదిలో ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. పిన్ని ఎక్కడంటే కింద అంతస్తు చూపించాడు. ఉతుకు గదిలో ఆవిరి, మందుల వాసన, నేలంతా తడి. పిన్ని మోచేతుల దాకా తడిసి, దుప్పటి రెండో కొస ఇంకొకావిడకిచ్చి పిండుతోంది. పని ఆపలేదు.

"లిఫ్టు దగ్గర నన్ను అంటించావటగా" అంది.

పిన్నే చెప్పింది, దుప్పటి మెలిపెడుతూనే. కొత్తగా వచ్చిన ఆఫీసరు పోస్టర్ చూసి పిలిపించాడట. పోయిన ఏడాది దాకా అక్షరం ముక్క రాని మనిషి పదకొండేళ్ళు అంటురోగాల చీటీలు ఎలా రాసిందని నిలదీశాడట.

"రాక్ నిండా నా చేతిరాతే ఉంది, చూడండి సార్ అన్నాను. అవి నర్సులెవరో రాసి ఉంటారన్నాడు. ఇప్పుడే రాసి చూపిస్తానన్నాను. ఈ ఏడాదిలో నేర్చుకున్నావు కదా, ఇప్పుడు రాస్తే ఏం లాభం, అప్పుడెవరు రాశారో చెప్పు అన్నాడు. సంస్థవాళ్ళు అబద్ధం ఎందుకు అచ్చేస్తారు అన్నాడు. నాకు సర్టిఫికెట్ ఉందా, చూపించడానికి? ఐదో క్లాసులో మా బడి మూసేశారు. మిగతాదంతా మా నాన్న దగ్గర నేర్చుకున్నదేగా." దుప్పటి తొట్లో పడేసి కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ క్లాసులో చేరేనాటికే నాకు చదువొచ్చని సంస్థ నుంచి ఉత్తరం తెమ్మన్నాడు. శుక్రవారం దాకా టైమిచ్చాడు. తేకపోతే ఆ కొత్తాయనకే గది. నువ్వు తెచ్చిపెడతావా?"

"ఇవాళే తెస్తాను పిన్నీ" అంది అమ్మాయి. అన్నాక పరిగెత్తింది.

పదకొండేళ్ళ రిజిస్టర్లు రాక్ మీద ఉన్నాయి, ఒక పోస్టర్ గోడ మీద ఉంది. చదువుకున్న ఆ పెద్దమనిషి పోస్టర్‌ని నమ్మాడు! దారి పొడుగునా అమ్మాయి అదే తలుచుకుని ఉడికిపోయింది.

మేడమ్ అంతా విని జాలిపడింది. నిజంగానే పడింది. కానీ ఉత్తరం మాట ఎత్తేసరికి కుర్చీలో సర్దుక్కూర్చుంది.

"ఉత్తరం ఇస్తే ఏమవుతుందో తెలుసా? మన పోస్టర్ అబద్ధమని మనమే సంతకం పెట్టినట్టు."

"అబద్ధమే కదా మేడమ్."

"అబద్ధం కాదు, ప్రతీక. ఆ ఫోటోలో ఉన్నది ఆవిడొక్కతే కాదు, చదువు లేని వేలమంది."

"ఉతుకు గదిలో మాత్రం ఆవిడొక్కతే ఉంది మేడమ్."

మేడమ్ మొహం ఎర్రబడింది. "ఆ పోస్టర్ చూసి ముప్పై ఎనిమిది మంది కొత్తగా చేరారు. నిజంగా చదువు రానివాళ్ళు. వాళ్ళని వెనక్కి పంపేద్దామా చెప్పు?"

అమ్మాయికి కోపం ఇంకా పెరిగింది. ముప్పై ఎనిమిది మంది చదువుకోవాలంటే ఒకావిడ చదువుని ఎందుకు చెరిపేయాలో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

"నీ రిపోర్టు తీసుకురా" అంది మేడమ్ గొంతు తగ్గించి. "మూడో ప్రశ్నకి పోస్టర్ గురించి రాయి. మంచి విజయం అది. సంతకం పెట్టేస్తాను. ఆవిడ సంగతి నెమ్మదిగా చూద్దాం."

నెమ్మదిగా! ఆవిడకున్నది రెండే రోజులు. అందులో ఒకటి ఇప్పుడు సగం అయిపోయింది, అమ్మాయి జిరాక్సు కొట్లో కూర్చుని పన్నెండు గీతల్ని గుడ్లప్పగించి చూస్తుండగానే.

"ఏమే, అరగంట నుంచి ఒక్క అక్షరం పడలేదు. నీ కలానికేమైనా జబ్బు చేసిందా?" అంది అమ్మ మిషన్‌లో కాగితాలు పెడుతూ.

అమ్మాయి ఇక ఆపుకోలేకపోయింది. మొదటి నుంచీ చెప్పేసింది, ముందు పెట్టెతో సహా. అమ్మ మిషన్ ఆపేసింది. చివరిదాకా వింది. తర్వాత కౌంటరు మీది ప్యాడ్ మూత ఠక్కున మూసింది.

"నా ప్యాడ్ పట్టుకెళ్ళింది ఇందుకా?"

అమ్మాయి తల దించుకుంది.

"ఇక్కడికొచ్చి వేలు ముంచేవాళ్ళని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. వేలు ముంచేటప్పుడు ఒక్కళ్ళూ నా మొహంలోకి చూడరు. నేనూ చూడను. మిషన్ వైపు తిరిగి కాగితాలు సర్దుకుంటున్నట్టు నటిస్తాను, వాళ్ళు తుడుచుకునేదాకా. ఆ మాత్రం మర్యాద నా కడుపున పుట్టినదానికి లేకపోయింది. పైగా ఫోటో తీశారా?"

అమ్మ అంత కోపంగా మాట్లాడటం అమ్మాయి ఎప్పుడూ వినలేదు. ఏడుపొచ్చింది. "ఏం చెయ్యనే అమ్మా మరి? ఆవిడకి చదువొచ్చని రుజువేదీ లేదు. ఉన్న ఒక్క సమ్మతి పత్రమూ మేడమ్ బీరువాలో ఉంది."

"ఏ పత్రం?"

అమ్మాయి ఆ కొట్టివేత సంగతి చెప్పింది. అమ్మ రెండో మిషన్ వైపు తిరిగింది. "ఆ నెలలో మీ ఆఫీసు మిషన్ పాడైందని కట్టలకి కట్టలు ఇక్కడికే తెచ్చి కాపీలు తీశావు కదూ? ఈ దగ్గు మిషన్ సగం కాపీలు వంకరగా తీసింది."

అమ్మ ఒక్క కాగితమూ పారేయదు. పాడైన కాపీల వెనకవైపు ఫోన్ నంబర్లూ, గిరాకీల పేర్లూ రాసుకుంటుంది. కౌంటరు కింది సొరుగు లాగి, క్లిప్పు పెట్టిన లావుపాటి కట్ట తీసి బల్ల మీద పడేసింది. ఇద్దరూ చెరి సగం తీసుకుని తిరగేశారు. పాతిక ముప్పై కాగితాలు పోయాక అమ్మాయి చెయ్యి ఆగింది. వంకరగా పడింది, అడుగున నల్ల చార ఉంది. కానీ అక్షరాలు పోలేదు. కొట్టివేత, పైన "నేనే చదువుకుని", పక్కన పొట్టి సంతకం, కింద పూర్తి సంతకం, దాని కింద తేదీ. క్లాసులో చేరి అప్పటికి పట్టుమని పది రోజులు కాలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకి పిన్ని కొట్టుకి వచ్చింది. చేతులు నాని, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. కాపీ చూసి పెదవి విరిచింది. "నేనప్పుడే చెప్పాను, మీరే వినలేదు" అంది.

"ఉత్తరం నేను రాస్తాను పిన్నీ. జరిగిందంతా రాసి..."

"నువ్వా? నువ్వు నా గురించి ఇంకో ముక్క రాశావంటే ఊరుకోను. ఇలా ఇయ్యి."

అమ్మాయి చేతిలోంచి కలం లాక్కుంది. అమ్మ తెల్ల కాగితం ఇచ్చి కుర్చీ జరిపింది. పిన్ని ఎక్కడా ఆగకుండా రాసింది. పనిలో చేరిన సంవత్సరం, అప్పటి మాట్రన్ తన చేతిరాత చూసి పనిచ్చిన సంగతి, చీటీల సంగతి, క్లాసులో చేరిన తేదీ, ఫోటో ఎలా తీశారో ఆ సంగతి. ఎక్కడా బతిమాలడం లేదు. ఒక పేజీకి సరిగ్గా సరిపోయింది. కింద సంతకం చేసి, "సాక్షి" అని రాసి, కాగితం అమ్మాయి వైపు తిప్పింది.

అమ్మాయి కలం అందుకోబోయింది. పిన్ని ఇవ్వలేదు. ప్యాడ్ మూత తెరిచి ముందుకి జరిపింది.

"సంతకం వద్దు. ఆ రోజు నేను వేసినట్టే వెయ్యి."

"పిన్నీ..."

"నీ మీద కోపం లేదనుకుంటున్నావేమో. ఉంది. బోలెడుంది. మార్కులొస్తాయన్నావని వేలు ముంచాను. ఇప్పుడు నా గది కోసం నువ్వు ముంచు."

అమ్మ మిషన్ వైపు తిరిగి కాగితాలు సర్దుకోసాగింది. అమ్మాయి బొటనవేలు ప్యాడ్ మీద ఆనించింది. చల్లగా, జిగటగా ఉంది. కాగితం మీద నొక్కి తీశాక కళ్ళు వాటంతటవే కిందికి వాలిపోయాయి. ఫోటోలో పిన్ని కళ్ళు ఎందుకు వాలాయో అప్పుడు తెలిసింది. కింద "పోస్టర్‌లోని మాటలు రాసినది, అంటించినది నేనే. అవి నిజం కావు" అని రాసి, పక్కన తన పేరు పెట్టింది. మేడమ్ సంతకం ఇక రాదు, వచ్చే టర్ములో ఇంటర్న్‌షిప్ మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. చెయ్యాలి మరి.

శుక్రవారం పొద్దున్న ఆఫీసరు గదిలో ఇద్దరూ నిలబడ్డారు. ఆయన కూర్చోమనలేదు. ఉత్తరం అందుకుని చదవకుండానే చూపు కిందికి జార్చాడు. నీలం వేలిముద్ర కనిపించగానే ఆయన మొహం విప్పారింది.

"చూశారా! నేను చెప్పలేదూ? ఉత్తరం మీరెవరో రాసిచ్చారు, ఈవిడ వేలిముద్ర వేసింది" అన్నాడు అమ్మాయితో, పిన్నిని వేలితో చూపిస్తూ.

అమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. నీలం రంగు పోని బొటనవేలు తీసుకెళ్ళి ఆయన కళ్ళ ముందు పెట్టింది. "ఈ ముద్ర నాదండీ! డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వేలిముద్ర చూడగానే ఆవిడదే అని మీకెలా తెలిసిపోయింది?" గొంతు బయట వరండా దాకా వినిపించింది. అటు పోతున్న నర్సులిద్దరు ఆగి తొంగి చూశారు.

ఆయన ఏదో అనబోయాడు. పిన్ని నెమ్మదిగా అంది: "నా సంతకం పైనుంది సార్. దాని పైనున్నది చదవండి. నేను ఆగుతాను."

ఆయనకి చదవక తప్పలేదు. వంకర కాపీ కూడా చూశాడు. మనిషిని పంపి ఒక పాత రిజిస్టర్ తెప్పించుకున్నాడు. ఆ అక్షరాలూ ఈ అక్షరాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఆ పని పది రోజుల కింద చెయ్యడానికి ఆయనకి ఏం అడ్డొచ్చిందో దేవుడికే తెలియాలి. చివరికి సొరుగులోంచి తాళం తీసి బల్ల మీదికి తోశాడు. పొరపాటైంది అనలేదు. "సరే, వెళ్ళి పని చూసుకోండి. ఆ పోస్టర్ తీయించెయ్యండి" అన్నాడు, అక్కడికి పోస్టర్ పిన్నే అంటించుకున్నట్టు.

పిన్ని తాళం ముట్టుకోలేదు. "రిజిస్టర్‌లో రాసివ్వండి సార్. ఏ తేదీన తీసుకున్నారో, ఏ తేదీన తిరిగిచ్చారో. అది మా గది పద్ధతి."

ఆయన రాశాడు. పిన్ని చదువుకున్నాకే తాళం తీసుకుంది.

బట్టల గది తలుపు తీయగానే పిన్ని మొహం మాడిపోయింది. పది రోజుల్లోనే గలేబుల్లో దుప్పట్లు కలిసిపోయాయి. చీటీల డబ్బా ఎక్కడో మూలకి పోయింది. ఆవిడ నిట్టూర్చి, కళ్ళజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. అమ్మాయి గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మని పిన్ని పిలవలేదు.

"పోస్టర్ గీకేసి వస్తాను పిన్నీ. ఒక తడిగుడ్డ ఇస్తారా? గట్టిగా అంటించాను, ఊరికే ఊడదు."

పిన్ని లేచి, అరలోంచి పాత గుడ్డ ఒకటి తీసి, కుళాయి కింద తడిపి బల్ల మీద పెట్టింది. రిజిస్టర్ తెరిచి కొత్త గీత మీద రాసింది: తడిగుడ్డ, ఒకటి. తీసుకున్నవారు. కలం అమ్మాయి వైపు చాచింది.

"సంతకం పెట్టు" అంది. "వచ్చుగా?"

"వచ్చు పిన్నీ" అంది అమ్మాయి. సంతకం చేసింది. బల్ల మీది తడి తగిలి వేలి మీది సిరా కాస్త కరిగి, పేజీ అంచున నీలం మరక పడింది. పిన్ని దాన్ని తుడవలేదు. ఆ మరక చుట్టూ గుండ్రంగా గీత గీసి, పక్కన ఆ రోజు తేదీ వేసింది.